జీతం 48 వేలు, పదో తారీఖుకే ఖాళీ. ముందు ఏ అప్పు తీర్చాలి?

నాచారం_కుర్రోడు:

అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే తప్ప రాయడం మొదటిసారి. పెద్దలు, అనుభవం ఉన్నవాళ్లు కొంచెం దారి చెప్పండి.

నాచారంలో కిరాయికి ఉంటున్నాం. బాలానగర్‌లో ఒక కంపెనీ గోడౌన్‌లో స్టాక్ చూస్తాను. జీతం చేతికి 48,000, ఒకటో తారీఖున పడుతుంది. మా ఆవిడ ఇంట్లో బ్లౌజులు కుడుతుంది, చీరలకు ఫాల్, పీకో చేస్తుంది. నెలకు నాలుగైదు వేలు వస్తాయి, పెళ్లిళ్ల సీజన్‌లో ఇంకొంచెం. పాప రెండో తరగతి.

అప్పుల సంగతి. ఒక క్రెడిట్ కార్డు మీద 1,20,000 ఉంది, మినిమం డ్యూ 6,000 కడుతున్నా. ఇంకో కార్డు 45,000, దానికి 2,250. పర్సనల్ లోన్ 2,80,000 బాకీ, ఇంకా 36 నెలలు, ఈఎమ్‌ఐ 9,850. మా ఆవిడ గొలుసు రెండున్నర తులాలు ఒక ఫైనాన్స్ కంపెనీలో కుదువపెట్టి 1,10,000 తెచ్చాం. నెలకు 1,650 మిత్తి కడుతూ ఏటేటా రెన్యువల్ చేయిస్తున్నాం. మా ఊళ్లో తెలిసిన పెద్దాయన దగ్గర రెండు రూపాయల మిత్తికి లక్ష, నోటు రాసిచ్చాను. బావమరిది దగ్గర చేబదులు 40,000.

ఇవి కాక చిట్టీ ఒకటి. రెండు లక్షలది, 40 నెలలు, రిజిస్టర్డ్ కంపెనీయే. 22 నెలలు కట్టాను, ఇంకా ఎత్తలేదు. డివిడెండ్ పోను నెలకు 4,500 పడుతోంది.

ఇంటి కిరాయి 11,000. ఇవన్నీ కట్టాక నా జీతంలో మిగిలేది 10,750. కిరాణా, పాలు, గ్యాస్, కరెంటు, పెట్రోలు, పాప ఆటో అన్నీ అందులోనే. పదో తారీఖు దాటితే కార్డే గతి.

నా ఆలోచన ఏంటంటే, ముందు ఊరి పెద్దాయనది తీర్చేద్దామని. నోటు రాసి మూడేళ్లు కావస్తోంది. మధ్యలో ఆరు నెలల మిత్తి ఆగిపోయింది. ఇప్పుడు అది కూడా కలిపి 1,12,000కు కొత్త నోటు రాయమంటున్నాడు. ఫోన్ల మీద ఫోన్లు. నేను ఎత్తకపోతే మా నాన్న దగ్గరికి వెళ్లి అరుగు మీద కూర్చుంటున్నాడు. ఆఫీసులో ఒకతను ఏదో యాప్‌లో ఐదు నిమిషాల్లో 50 వేలు పడతాయంటున్నాడు. అది తీసుకుని సగమైనా కట్టేస్తే ఆయన నోరు మూతపడుతుందని నా ఆశ. ఈ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. చెప్పండి.

ఈసీఐఎల్_క్రాస్‌రోడ్స్:

యాప్ మాత్రం వద్దు బ్రో. 2020 డిసెంబర్‌లో మన హైదరాబాద్‌లోనే ఎంత గొడవైందో గుర్తుందా? వేధింపులు తట్టుకోలేక మనుషులు ప్రాణాలు తీసుకున్నారు, పోలీసులు ఆ కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. ఫోన్‌లో ఉన్న నంబర్లన్నీ లాగేసి, నీ ఫొటో పెట్టి మీ మామకూ మీ మేనేజర్‌కూ మెసేజ్‌లు పంపుతారు. ఊరి పెద్దాయన మీ నాన్న దగ్గరికే వస్తున్నాడు, వీళ్లు అందరి దగ్గరికీ వస్తారు. ఇప్పటికే ఎవరైనా అలాంటి వాటిలో ఇరుక్కుని ఉంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మిగతాది పెద్దవాళ్లు చెప్తారు.

లోన్ల_సీటు_రిటైర్డ్:

తమ్మీ, వయసులో పెద్దవాణ్ని కాబట్టి నువ్వనే రాస్తున్నా, ఏమనుకోకు. ఒక ఉద్యోగుల పరపతి సంఘంలో చాలా ఏళ్లు లోన్ల సీటు చూసి రిటైరయ్యాను. అప్పుల్లో ఉన్నవాళ్ల మొహాలూ వాళ్ల కాగితాలూ నాకు కొత్త కాదు.

అంకెలన్నీ రాశావు, మంచిది. మా కౌంటర్ దగ్గరికి వచ్చినవాళ్లు సగం మంది "ఒక నాలుగు లక్షలుంటాయి సార్" అనేవాళ్లు. కూర్చోబెట్టి రాయిస్తే ఆరు తేలేది. అయితే నువ్వూ ఒక అంకె వదిలేశావు, మొత్తం. నేనే కూడి చూశాను. ఆగిన మిత్తితో సహా 7,07,000. ఈ అంకె ఒక కాగితం మీద రాసి బీరువా తలుపు లోపలి వైపు అంటించుకో. నెలనెలా కొట్టేసి కొత్తది రాయాలి.

ఇప్పుడు అసలు విషయం. ముందు ఊరి పెద్దాయనది తీర్చాలన్న నీ ఆలోచన తప్పు. ఆయన అరుగు మీద కూర్చుంటున్నాడు కాబట్టి నీకు ఆయన అప్పే పెద్దగా కనిపిస్తోంది. నీ జీతాన్ని తింటున్నది కార్డులు.

పెద్దాయనది రెండు రూపాయల మిత్తి అని రాశావు, కార్డుది ఎంతో రాయలేదు. స్టేట్‌మెంట్ వెనక పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది, చూడు. చాలా కార్డులకు నెలకు మూడున్నర శాతానికి అటూ ఇటూ ఉంటుంది. 3.6 అనుకుందాం. ఆ మిత్తి మీద 18 శాతం జీఎస్టీ కూడా వేస్తారు. కలిపితే 4.25 దాకా పోయింది. అంటే ఊరి లెక్కలో నూటికి నాలుగుంపావు రూపాయల మిత్తి. ఆ రేటుకు ఊళ్లో ఎవడైనా ఇస్తే వాణ్ని జలగ అంటాం. ఇక్కడేమో మెసేజ్‌లో "డియర్ కస్టమర్" అని వస్తుంది కాబట్టి నొప్పి తెలియదు.

నీ రెండు కార్డులూ కలిపి 1,65,000. దాని మీద నెలకు 7,000 మిత్తికే. నువ్వు కట్టే మినిమం రెండూ కలిపి 8,250. అసలులో తగ్గేది పన్నెండొందల చిల్లర. పదో తారీఖు తర్వాత కిరాణా కొట్లో గీకితే అదీ మళ్లీ ఎక్కేస్తుంది. ఇంకో మెలిక కూడా ఉంది. పాత బాకీ ఉన్న కార్డు మీద కొత్తగా గీకిన దానికి ఆ నలభై, యాభై రోజుల మిత్తి లేని గడువు వర్తించదు. పాల ప్యాకెట్ కొన్న రోజు నుంచే మీటరు తిరుగుతుంది. కార్డు మీద నగదు తీశావంటే ఫీజు అదనం.

నీ దగ్గర మందు ఉంది, వాడటం లేదు. చిట్టీ ఎత్తు.

లెక్క చెప్తా. 22 నెలలు అయిపోయిన చిట్టీ కాబట్టి పాట మరీ ఎక్కువ పోదు. 30,000 తగ్గించి పాడావనుకో, 1,70,000 చేతికొస్తుంది. చివరిదాకా ఆగితే కమిషన్ ఐదు శాతం పోను 1,90,000 వచ్చేది. అంటే ఇప్పుడే ఎత్తినందుకు నీకు పడే నష్టం 20,000. కార్డుల మీద మూడు నెలల మిత్తి అంతే. నాలుగో నెల నుంచి నీకు లాభమే. ఇది కూడా అప్పే కదా అంటావేమో. అందులో సగం దాకా నువ్వు కట్టుకున్న సొమ్మే తమ్మీ. మిగతా 18 నెలలూ ఇప్పుడు కడుతున్నట్టే కడతావు, కొత్తగా ఏ ఈఎమ్‌ఐ రాదు.

ఒక్క జాగ్రత్త. పాట పాడే ముందే జామీనుదారుల్ని ఖాయం చేసుకో. ఎత్తిన తర్వాత మిగిలిన వాయిదాలకు కంపెనీ జామీను అడుగుతుంది, ఎక్కువగా గవర్నమెంటు ఉద్యోగుల్నే అడుగుతారు. పాట కొట్టేసి, జామీను దొరక్క నెలా రెండు నెలలు తిరిగినవాళ్లను చూశాను. అటు తగ్గింపు పోయింది, ఇటు డబ్బు రాలేదు, కార్డు మిత్తి మాత్రం ఆగలేదు. ముందుగా బ్రాంచికి వెళ్లి ఎంతమంది కావాలి, ఏ కాగితాలు కావాలి, జామీనుకు బదులు ఎల్ఐసీ బాండో ఫిక్స్‌డ్ డిపాజిట్టో ఒప్పుకుంటారా అని అడిగి రాసుకో.

డబ్బు వచ్చిన రోజే 1,65,000 రెండు కార్డులకూ కట్టెయ్. వచ్చిన వారం తర్వాత కాదు. వారం ఆగితే అందులో ఒక ఏసీ వస్తుంది, ఒక పెళ్లి వస్తుంది.

మిగిలిన వాటి వరస ఇలా పెట్టుకో. కార్డుల తర్వాత పెద్దాయనది, అది ఏడాదికి 24 శాతం. ఆ తర్వాత బంగారం. పర్సనల్ లోన్‌ను కదపకు, నీ అంకెల్ని బట్టి 16 శాతం పడుతోంది, దాని ఈఎమ్‌ఐ దానికి పోనీ. ముందుగా మూసేస్తే ఛార్జీ కూడా అడగొచ్చు. బావమరిది అప్పుకు మిత్తి లేదనుకుంటున్నావు. మీ ఇంటావిడ పుట్టింటికి వెళ్లినప్పుడల్లా ఆ మిత్తి ఆమె కట్టి వస్తుంది. నెలకు వెయ్యి అయినా సరే, అడగకముందే పంపు.

బంగారం మాట. 18 శాతం ఎందుకు కడుతున్నావు? గొలుసు కుదువపెట్టినప్పటికీ ఇప్పటికీ తులం ధర బాగా పెరిగింది. అదే గొలుసు మీద అదే 1,10,000 ఏదైనా బ్యాంకులో తీసుకుని అక్కడ విడిపించు. కొన్ని బ్యాంకులు వాళ్ల మనిషినే పంపి టేకోవర్ చేస్తాయి, అడిగి చూడు. పది శాతం ప్రాంతానికి దిగితే నెలకు ఏడొందల పైచిలుకు మిగులుతుంది. మేనేజరు "ఇంకో లక్ష వస్తుంది సార్, ఇవ్వమంటారా" అంటాడు. అనకుండా ఉండడు. వద్దని చెప్పి బయటికి రా.

ఇక అలవాట్లు. టీ మానేసి, సినిమా మానేసి అప్పు తీర్చినవాణ్ని నేను చూడలేదు. బయటపడ్డవాళ్లు చేసింది ఏమిటంటే, ఒకచోట తెచ్చి ఇంకోచోట కట్టే తిప్పుడు ఆపారు, తారీఖులు సరిచేసుకున్నారు. తారీఖుల దగ్గర చాలామంది నష్టపోతారు. మా మెంబరు ఒకాయన పాస్‌బుక్ తెచ్చి చూపించాడు. ఒకే పేజీలో రిటర్న్ ఛార్జీలు మూడు, ఒక్కోటీ ఐదొందలు, దాని కింద జీఎస్టీ వేరే గీత. అవతల లోను ఇచ్చినవాళ్లు వేసుకున్న జరిమానా ఇంకోటి. ఆయనకు డబ్బు లేక కాదు. ఈఎమ్‌ఐ రెండో తారీఖు, జీతం ఒక్కోసారి మూడున పడేది. ఐదో తారీఖుకు మార్పించమని దరఖాస్తు రాయించాను, ఆ ఛార్జీలు పోయాయి. నీ లోన్ తారీఖు ఎప్పుడు? జీతం పడ్డాక మూడు నాలుగు రోజుల్లో అన్నీ పోయేట్టు పెట్టుకో. బిల్లింగ్ తారీఖు మార్చమని కార్డు బ్యాంకును కూడా అడగొచ్చు.

నెలకు 8,250 ఖాళీ అవుతుంది కదా. మొత్తం అప్పుకే పెట్టాలని ఉత్సాహపడకు. 3,250 ఇంటి ఖర్చుకు వదులు, లేకపోతే పదో తారీఖున మళ్లీ కార్డు తీస్తావు. 5,000 పెద్దాయనకు.

మాదాపూర్_నైట్‌షిఫ్ట్:

రిటైర్డ్ సార్ లెక్క కరెక్టే, ఒక్కటి కలుపుతా. చిట్టీ పాట ఈ నెలే మీకు వస్తుందని గ్యారంటీ లేదు. ఇంకొకరు ఎక్కువ తగ్గించి పాడొచ్చు. ఈలోగా కార్డు బ్యాంకుకు ఫోన్ చేసి బాకీని ఈఎమ్‌ఐలోకి మార్చమని అడగండి. ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, వడ్డీ కూడా ఉంటుంది, కానీ సాధారణంగా కార్డు వడ్డీలో సగం కూడా ఉండదు. అయితే మధ్యలో ఒకేసారి మూసేస్తే ఎంత ఛార్జీ వేస్తారో ముందే అడిగి, ఆ జవాబు మెయిల్‌లో తెప్పించుకోండి.

ఇంకో మాట. డబ్బు పూర్తిగా సరిపోకపోతే ముందు 45,000 కార్డు మూసేయండి. వడ్డీ దాదాపు ఒకటే అయినప్పుడు చిన్నదాన్ని లేపేస్తే కనీసం ఒక బిల్లు, ఒక తారీఖు తగ్గుతాయి. మనసుకు కొంచెం ఊపిరి ఆడుతుంది.

ఫ్రీడమ్_ఫ్రమ్_ఈఎమ్‌ఐ:

ఇవన్నీ ఎందుకు సార్, సెటిల్‌మెంట్ చేసుకోండి. నాకు తెలిసిన ఏజెన్సీ ఉంది, ఆరు నెలలు కట్టడం ఆపేస్తే బ్యాంకే దిగొచ్చి సగానికి ఒప్పుకుంటుంది. ఫీజు ముందు కొంచెం కట్టాలి అంతే. ఇన్‌బాక్స్ చేయండి.

మల్కాజ్‌గిరి_అక్క:

పైన ఇన్‌బాక్స్ చేయమన్నాయనకు చేయొద్దు తమ్ముడూ.

రిటైర్డ్ సార్ చిట్టీ నుంచి కార్డు దాకా అన్నీ చెప్పారు, ఒక్క మాట మాత్రం అడగలేదు. ఇవన్నీ మీ ఆవిడకు తెలుసా? గొలుసు ఆమెదే కాబట్టి అది తెలుస్తుంది. కార్డులు? ఊళ్లో నోటు? ఇంట్లో ఒకరికి తెలిసి ఒకరికి తెలియకపోతే ఏ ప్లానూ నిలవదు. మీరు పదో తారీఖు తర్వాత బిగబట్టుకుని కూర్చుంటే, ఆమె పాప పుట్టినరోజుకు హాలు బుక్ చేద్దామంటుంది. తప్పు ఆమెది కాదు.

నేను ఒక ప్రైవేటు స్కూల్లో ఆఫీసు పని చేస్తాను. జూన్ వచ్చిందంటే ఫీజు కౌంటర్ ముందు తల్లులు ఎలా నిలబడతారో రోజూ చూస్తాను. మొదటి టర్మ్ ఫీజు, పుస్తకాలు, యూనిఫాం, బూట్లు, బ్యాగు అన్నీ ఒకే వారంలో. ఆ వారంలోనే కార్డు గీకుతారు, ఆ వారంలోనే చేబదులు అడుగుతారు. ఏటా వచ్చే జూన్ ఏటా అకస్మాత్తుగా వచ్చినట్టే ఉంటుంది అందరికీ. దసరా బట్టలు, బండి ఇన్సూరెన్సు కూడా ఈ లెక్కే. ఏడాదికి ఇలాంటివి ఎన్ని ఉన్నాయో రాసి, మొత్తం పన్నెండుతో భాగించండి. నెలకు వచ్చిన ఆ అంకెకు బ్యాంకులో పన్నెండు నెలల ఆర్‌డీ (నెలనెలా కట్టే డిపాజిట్) పెట్టండి, జూన్ ఒకటికి చేతికొచ్చేలా. అప్పులున్నప్పుడు పొదుపు ఎందుకు అంటారు. జూన్‌లో కార్డు తీయకుండా ఉండటానికి.

మీ ఆవిడ కుట్టుపని డబ్బు ఆ ఆర్‌డీకి పెట్టండి. దయచేసి దాన్ని ఈఎమ్‌ఐల్లోకి లాగకండి. ఆమె సంపాదన ఎక్కడికి పోయిందో ఆమెకు కనపడాలి. జనరల్ బజార్‌కు వెళ్లి లైనింగులు, దారాలు హోల్‌సేల్‌లో తెచ్చుకుంటోందా, వీధి చివరి షాపులో కొంటోందా కూడా అడగండి. 2023 డిసెంబర్ నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కదా, సికింద్రాబాద్ వెళ్లి రావడానికి ఖర్చేముంది.

మా ఇంట్లో పనిచేసిన ఉపాయం ఇంకొకటి. జీతం పడే ఖాతాకు ఫోన్‌పే, గూగుల్‌పే తీసేశాం. వేరే బ్యాంకులో చిన్న ఖాతా తెరిచి యూపీఐ దానికి మాత్రమే పెట్టుకున్నాం. ఆదివారం రాత్రి వారం ఖర్చుకు 2,800 అందులో వేస్తాను. గురువారం కల్లా మూడొందలే కనపడితే శుక్రవారం చికెన్ ఉండదు, పప్పుచారు ఉంటుంది. మా ఆయన మొదట్లో గొణిగాడు. ఇప్పుడు ఆయనే బుధవారం బ్యాలెన్స్ అడుగుతాడు. పుస్తకంలో ఖర్చులు రాయడం నాకైతే కుదరలేదు, రెండు వారాలకు విసుగొస్తుంది. ఖాతా ఖాళీ అయితే అదే చెప్తుంది.

నాచారం_కుర్రోడు:

అందరికీ పేరుపేరునా థాంక్స్. సార్, నాలుగుంపావు మిత్తి అని చదివాక స్టేట్‌మెంట్ తీసి చూశాను. నా పెద్ద కార్డుకు 3.75 ఉంది.

అక్కా, రెండో కార్డు సంగతి మా ఆవిడకు తెలియదు. నిన్న రాత్రి చెప్పాను. ఏమీ అనలేదు. కాసేపాగి స్టేట్‌మెంట్లు ఇవ్వమంది. మిషన్ మీద లైటు వేసుకుని, సుద్దముక్కతో గీతలు పెడుతూ అన్నీ చదివింది. అందులో "ప్రొటెక్షన్ ప్లాన్" అని నెలనెలా 499 పడుతోంది. ఎప్పుడు ఒప్పుకున్నానో నాకే తెలియదు, ఏదో ఫోన్‌కాల్‌లో సరే సరే అని ఉంటాను. పొద్దున్నే ఆమే కస్టమర్ కేర్‌కు కలిపి నా చేతికిచ్చింది. ఆపించేశాం.

చిట్టీ కంపెనీకి వెళ్లొచ్చాను. ఇద్దరు జామీనుదారులు కావాలన్నారు. మా పెద్దమ్మ కొడుకు గవర్నమెంటు టీచరు, ఒప్పుకున్నాడు. రెండో మనిషికి బదులు నా ఎల్ఐసీ బాండ్ చూస్తామన్నారు.

అడగాల్సినవి మూడు మిగిలాయి. కార్డులకు కట్టేశాక వాటిని ఉంచుకోవాలా, మూసేయాలా? మూసేస్తే సిబిల్ (అప్పులు ఎలా కట్టామో చూసి వేసే స్కోరు) పడిపోతుందని ఆఫీసులో అంటున్నారు. పెద్దాయన కొత్త నోటు మాటేం చేయాలి, వచ్చే నెలకు మూడేళ్లు నిండుతాయి. ఇంకొకటి, పోస్టులో రాయలేదు, నోటుతో పాటు సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు రెండు ఆయన దగ్గర ఉన్నాయి.

లోన్ల_సీటు_రిటైర్డ్:

మల్కాజ్‌గిరి అమ్మా, మీరన్నది నిజం, ఇంట్లో మాట నేను అడగాల్సింది. మా సంఘంలో లోన్ ఫారంలో భార్య సంతకానికి గడి ఉండేది కాదు, ఆ ధోరణే నాది.

తమ్మీ, వరసగా చెప్తా.

ముందు సెటిల్‌మెంట్ ఏజెన్సీ. కట్టగలిగినవాడు కట్టడం ఆపి సగానికి బేరం పెడితే, సిబిల్‌లో ఆ ఖాతా "క్లోజ్డ్" అని కాకుండా "సెటిల్డ్" అని పడుతుంది. రేపు ఇంటి లోనుకు వెళ్తే మొదట అదే కనపడుతుంది. ఆ ఆరు నెలలూ రికవరీ ఫోన్లు నీకే, ఏజెన్సీకి కాదు. ఉద్యోగం పోయి, నిజంగా కట్టలేని పరిస్థితి వస్తే నేరుగా బ్యాంకుతో మాట్లాడుకోవాలి, మధ్యలో మనిషి ఎందుకు? ఎవరికైనా పనికొస్తుందని ఇది కూడా రాస్తున్నా: బ్యాంకుల రికవరీ మనుషులు పొద్దున ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు దాటాక ఫోన్ చేయకూడదని 2022లో ఆర్‌బీఐ చెప్పింది. వినకపోతే ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. దానికి ఫీజు లేదు.

కార్డులు. రెండూ ఉంచుకోకు. సిబిల్ కొంచెం తగ్గితే తగ్గనీ, ఈ రెండేళ్లూ నువ్వు కొత్త లోనుకు వెళ్లేది ఉందా? 45,000ది మూసెయ్. పెద్దదాన్ని ఉంచితే లిమిట్ 20,000కు తగ్గించమని రాయి, షాపింగ్ యాప్‌లలో దాచిన కార్డు నంబరు తీసెయ్. మూసే అర్జీ మెయిల్‌లో పెట్టు, ఫోన్‌లో చెప్తే వాళ్లు ఇంకో ఆఫర్ చదువుతారు. బాకీ ఏమీ లేకపోతే ఏడు పనిదినాల్లో మూసేయాలి. లేదంటే ఆ పైన రోజుకు 500 చొప్పున వాళ్లే నీకు కట్టాలని ఆర్‌బీఐ నిబంధన ఉంది. మూసిన రెండు నెలలకు సిబిల్ రిపోర్టు తెప్పించి చూసుకో. ఏడాదికి ఒకసారి ఉచితంగా ఇస్తారు.

నోటు. కొత్త నోటు రాయకు. ఆగిన మిత్తి 12,000 అసలులో కలిసిపోతే, ఇక దాని మీద కూడా రెండు రూపాయలు. నెలకు 2,000 కాస్తా 2,240. మూడేళ్లకోసారి ఇలా తిరగరాసుకుంటూ పోయి పొలం రాసిచ్చినవాళ్లు ఉన్నారు. పెద్దాయన భయం కూడా అర్థం చేసుకో. మూడేళ్లు దాటితే నోటు మీద దావా నిలవదు, అందుకే తొందరపడుతున్నాడు. దానికి కొత్త నోటే అక్కర్లేదు. గడువు లోపల కొంత సొమ్ము కట్టి, పాత నోటు వెనకాల చెల్లు వేసి సంతకం పెడితే ఆ తారీఖు నుంచి ఆయనకు మళ్లీ మూడేళ్లు దొరుకుతాయి. చిట్టీలో కార్డులు పోను 5,000 మిగులుతుంది కదా, దాన్ని ఆయన చేతిలో పెట్టు. చిట్టీ డబ్బు ఆలస్యమైతే ఎక్కడిదైనా సరే, ఐదు వేలు గడువులోపల పడాలి. "ఆగిన మిత్తి కింద ఇంత" అని అంకెల్లోనూ అక్షరాల్లోనూ నీ చేత్తో రాయి, తారీఖు వెయ్యి, మీ నాన్నను సాక్షిగా పెట్టు. వెంటనే ఆ వెనక పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకో. మనం పైన అనుకున్నట్టు నెలకు ఐదు వేలు ఎప్పుడు పంపుతావో తారీఖు కూడా చెప్పిరా, ఆయన అరుగు దిగుతాడు. పంపేది ఫోన్‌పేలో పంపు, నగదు వద్దు. ఊరికి వెళ్లినప్పుడల్లా పాత చెల్లు కింద కొత్త చెల్లు.

ఖాళీ చెక్కుల మాట ముందే చెప్పాల్సింది. చెల్లు వేసే రోజే వాటిని అడుగు. ఇవ్వనంటే గొడవ పెట్టుకోకు, పాత నోటు ఆయన చేతిలోనే ఉంది. రెండు చెక్కుల నంబర్లూ మీ చెక్‌బుక్ మొదటి పేజీలోనో బ్యాంకు యాప్‌లోనో ఉంటాయి, చూసి పెట్టుకుని వెళ్లు. "ఈ నంబర్ల చెక్కులు రెండు, మొత్తం నింపకుండా, హామీగా ఇచ్చినవి" అని ఒక తెల్లకాగితం మీద రాసి ఆయన చేత సంతకం పెట్టించు. అప్పు పూర్తిగా తీరిన రోజు నోటు, చెక్కులు అన్నీ ఒకేసారి చేతికి రావాలి. నోటు ఎక్కడో పెట్టాను, తర్వాత పంపిస్తానంటే చివరి వాయిదా జేబులోనే ఉంచుకో.